రేడియోలోంచి తీసిన జత

నాలుగు స్క్రూలు. విప్పడానికి నిమిషం, మళ్ళీ బిగించడానికి ఇంకో నిమిషం. గుడివాడ నుంచి బందరుకి ప్యాసింజరులో గంట పడుతుంది కాబట్టి టైముకి లోటు లేదు, ధైర్యానికే లోటు. బండి ఇంకా కదల్లేదు. విక్రమ్ ప్లాట్‌ఫాం మీదే నిలబడి కిటికీ ఊచలు పట్టుకుని నవ్వుతున్నాడు. నా ఒళ్ళో ఉన్న డబ్బా వాడు చేసింది. అరచేతిలో పట్టే అల్యూమినియం డబ్బా, పైన తిప్పే గుండీలు రెండు, కాలితో నొక్కే స్విచ్చి ఒకటి. గిటారుకీ స్పీకరుకీ మధ్య దీన్ని పెట్టి ఒక్కసారి నొక్కితే మామూలు తీగ మోత కాస్తా గర్జన అయి కూర్చుంటుంది. పెడల్ అంటారు. డబ్బు పెడితే విదేశాలవి కూడా దొరుకుతాయి, కానీ ఇంట్లో కూర్చుని చేతులు కాల్చుకుంటూ తామే చేసుకునే పిచ్చివాళ్ళు కొందరుంటారు. ఈ చుట్టుపక్కల ఆ పిచ్చి నా ఒక్కడికే ఉండేది. మూడేళ్ళ కిందటి దాకా.

"కొండలరావు గారూ, కాస్త ఎండ తగలకుండా చూడండి. రంగు ఇంకా కొత్తది," అన్నాడు విక్రమ్.

"మీరేం కంగారుపడకండి విక్రమ్ గారూ."

"ఆఫీసు కాల్ లేకపోతే నేనే వచ్చేవాణ్ణండీ. మీకు శ్రమ."

"శ్రమేముందండీ. ఎలాగూ ఇంటికేగా."

బండి కదిలింది, వాడు చెయ్యి ఊపాడు, నేనూ ఊపాను. పైకి గారు, లోపల వాడు. మూడేళ్ళ కిందట మా ఇంటి మెట్ల మీద చెప్పులు విడిచి, "మీరు పెడల్స్ చేస్తారటండీ, చూడొచ్చా?" అని అడిగిన రోజున లోపల కూడా గారే. పెదపారుపూడి రైతుల బిడ్డ, గుడివాడలో మేడ, మేడ మీద ఏసీ గది, ఆ గదిలోంచే హైదరాబాదు కంపెనీకి ఉద్యోగం. నేనేమో చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ పనివాణ్ణి. పొద్దుటి నుంచీ ఇత్తడి గాజులకి బంగారపు పూత వేసి, సాయంత్రం అదే బల్ల మీద, అదే టంకంతో పెడల్స్ చేసుకునేవాణ్ణి. రాగిరేకు మీద గోళ్ళరంగుతో గీతలు గీసి, మందునీళ్ళలో ముంచి, గీతలు తప్ప మిగతా రాగిని తినిపించడం వాడికి నేర్పింది నేను. అంతా నేర్పాక వాడు నాకంటే తిన్నగా గీత గీశాడు. ఆ రోజే అనుకోవాల్సింది. నేను మురిసిపోయి మా ఆవిడ చేత కాఫీ పెట్టించాను.

పొద్దున హనోకు ఫోన్ చేసినప్పుడు నేను గుడివాడ బజార్లో ఒక షాపువాళ్ళకి గాజుల శాంపిళ్ళు చూపిస్తున్నాను. "బావా, గుడివాడలోనే ఉన్నావంటగా. విక్రమ్ గారు నా పెడల్ అయిపోయిందన్నారు. వస్తా వస్తా పట్టుకొచ్చెయ్. మూడింటికి సభలో వాయించాలి." నా పెడల్, అన్నాడు. నాలుగేళ్ళుగా అతని కాలి కింద ఉన్న పెడల్ నేను చేసింది. హనోకుది నాగాయలంక, బళ్ళో లెక్కల మాస్టారు, ఆదివారాలూ ప్రార్థన సభలూ వస్తే గిటారు. దివిసీమ అంతటా అతను వాయించని చర్చి లేదు. కళ్ళు మూసుకుని వింటే చాలు, తీగలు ఎప్పుడు మార్చారో చెప్పేస్తాడు. నేను స్టేజీ ఎక్కేవాణ్ణి కాదు, నాకు వాయించడం రాదు, బయట ప్రపంచంలో నా మోత అంటూ ఒకటుందంటే అది హనోకు కాలి కింద మోగేదే. ఎన్నిసార్లు సభల్లో వెనక వరుసలో కూర్చుని, పాట మధ్యలో అతని కాలు లేచి డబ్బా మీద పడే క్షణం కోసం ఊపిరి బిగబట్టానో. వందల మంది తలలెత్తుతారు. ఎందుకెత్తారో వాళ్ళకి తెలియదు. నాకు తెలుసు. ఇవాళ మూడింటికి కూడా తలలెత్తుతారు. విక్రమ్ కోసం. ఆ విక్రమ్ డబ్బాని కూలివాడిలా మోసుకెళ్ళేది నేను. పోనీ ఇందులో నన్ను నొప్పించేదేమైనా ఉందని హనోకుకి తోచిందా అంటే, లేదు. చూడ్డానికి ఎంత చిన్న సంగతి. వస్తా వస్తా పట్టుకొచ్చెయ్.

నూజెళ్ళ దాటింది. ఎదుటి సీట్లో ఎండుచేపల బుట్ట ఖాళీ చేసుకుని బందరు తిరిగెళ్తున్న ఒకావిడ, వీరదుర్గ అని ఎవరో పిలిస్తే విన్నాను, నా ఒళ్ళోకే చూస్తోంది.

"ఏంటన్నయ్యా అది, కొత్త పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టుకున్నట్టు పట్టుకున్నావ్."

"గిటారు సామానమ్మా."

"నువ్వు వాయిస్తావా?"

"లేదు."

"మరెందుకంత దిగులు?"

దిగులు కాదమ్మా, దీని పేరు వేరే. కిటికీ వైపు తిరిగాను. కోసేసిన చేలు, మధ్యలో మధ్యలో చేపల చెరువులు, వాటి మీద ఎండ అద్దం పెట్టి కొట్టినట్టు. మే నెల ఎండ. ఎండ అనుకోగానే ఒంట్లో ఏదో చల్లగా పాకింది. ఎందుకంటే ఈ డబ్బా గురించి విక్రమ్‌కి తెలియనిది ఒకటి నాకు తెలుసు. ఇందులో ఉండేవి పాత జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, వేలి గోరంత ఉండే రేకు టోపీలు, ఒక్కో దానికి మూడు కాళ్ళు. అరవైల్లో, డెబ్బైల్లో రేడియోలకి వేసేవారు, ఇప్పుడు ఎవరూ చెయ్యరు. గిటారు వాటిలోంచి వస్తే గొంతులో బెల్లం పాకం దిగుతుంది. వాటికున్న ఒకే ఒక్క జబ్బు వేడి. ఏసీ గదిలో సరిచేసిన పెడల్‌ని రేకుల షెడ్డు కిందకి తెచ్చిపెట్టు, పది నిమిషాల్లో గొంతు బొంగురుపోయి, దోమ పాడినట్టయి, ఆనక అదీ ఉండదు. నేనైతే మధ్యాహ్నం పన్నెండింటికి పెంకుల కింద చెమటలు కారుతూ సరిచేస్తాను. వాడు దుప్పటి కప్పుకునే చలిలో సరిచేస్తాడు. లోపల ఒక బుల్లి మరని పావువంతు తిప్పితే చాలు, ఎండకి తట్టుకుంటుంది. హనోకుకి నేను ఒక్క ముక్క చెబితే చాలు. చెప్పకపోయినా చాలు. నేనేం చెడగొట్టడం లేదు కదా. ఊరుకుంటున్నాను. ఊరుకోవడం నేరమెలా అవుతుంది. మూడింటికి పాట మధ్యలో హనోకు కాలు లేస్తుంది, పడుతుంది, ఏమీ రాదు. ఆ ఏమీ రాకపోవడం నాకు ఎంత స్పష్టంగా వినిపించిందంటే, నవ్వొచ్చింది. డబ్బా మీద కప్పిన గుడ్డ తీసేశాను. ఎండ పడే వైపు జరిపాను. రంగు కొత్తదన్నాడుగా. చూద్దాం.

గుడ్లవల్లేరులో బండి ఆగింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు. డబ్బా వేడెక్కుతోంది, తొడకి తెలుస్తోంది. అయినా ఆ టోపీలు ఎలాంటివో, వేడి ఎంత తట్టుకుంటాయో చూడకుండా ఎలా చెప్పడం. చూడాలి. అవి నాకు తెలిసిన టోపీలే అయితే. సత్యవతమ్మ రేడియోలోవి. ఎదురుమొండి వెళ్ళాలంటే పంటు మీద మోటారుసైకిలు ఎక్కించి నది దాటాలి. పాత రేడియోలు దొరికేది అలాంటి చోట్లేనని కనిపెట్టింది నేను. తుఫాను వార్తల కోసం ప్రతి చేపల వేటగాడి ఇంట్లో ఒకటి ఉండేది, ఫోన్లు వచ్చాక అటకెక్కాయి. ఊరూరూ తిరిగి, పని చెయ్యకపోయినా ఫర్వాలేదమ్మా అని అడిగి, పాడైపోయిన రేడియోల్లోంచి టోపీలు పీక్కొచ్చేవాణ్ణి. ఆ దారి ఎవరికీ చెప్పలేదు. విక్రమ్‌ని మాత్రం వెనకాల కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాను. గురువునైపోవాలని ఉబలాటం. సత్యవతమ్మ అరుగు మీద చేపలు తోముతోంది. నేను రేడియో గురించి అడిగితే లేదంది. వాడు అరుగు మీద కూర్చున్నాడు, మంచినీళ్ళడిగాడు, మీ ఆయన ఏ బోటు మీద వెళ్ళేవారండీ అనడిగాడు. ఆవిడ చేతులు కడుక్కుని లోపలికెళ్ళి తోలు సంచీలో ఉన్న రేడియో తెచ్చి వాడి ఒళ్ళో పెట్టింది. "ఆయన పోయాక ఎవరూ ముట్టలేదు బాబూ. నువ్వు మోగిస్తానంటే ఇస్తాను." నేను పక్కనే ఉన్నాను. నన్ను చూడనైనా లేదు. తిరుగుదారిలో పంటు మీద నా స్క్రూడ్రైవర్‌తోనే తెరిచాడు. టోపీల మీద ఎర్ర చుక్కలు. ఎర్ర చుక్కంటే ఫ్యాక్టరీలోనే ఏరి జతచేసినవి, నేను పుస్తకంలో తప్ప చూడలేదు. అలాంటి జత వాడి అరచేతిలో ఉంది. నదిలో పడేస్తాడేమోనని కాదు, పడేస్తే బాగుండునని చూశాను. అప్పటి నుంచీ ఆ జత నా కళ్ళ ముందు నుంచి కదల్లేదు. నా పెడల్‌లో ఏ చిన్న గరుకు వినిపించినా, ఆ జత నా దగ్గరుంటేనా అనుకున్నాను. కిందటి నెలలో విక్రమ్ మేడ మీద దీన్ని వాయించి చూసి హనోకు నాకు ఫోన్ చేసి, "ఇదీ బావా అసలు గొంతంటే" అన్నప్పుడు కూడా, వాడి చెయ్యి కాదు, ఆ జతే అనుకున్నాను. అలా అనుకోవడం వల్లే ఇన్నాళ్ళూ అన్నం సయించింది.

స్క్రూడ్రైవర్ చేతిలోకి ఎప్పుడొచ్చిందో తెలియదు.

"విప్పేస్తున్నావే," అంది వీరదుర్గ. "నీదేనా అన్నయ్యా అది?"

"కాదు."

"మా ఆయనా ఇంతే. పక్కోడి బోటుకి కొత్త ఇంజనొచ్చిందంటే మూత తీసి చూడందే ముద్ద దిగదు. చూశాక అసలు దిగదు."

నాలుగో స్క్రూ చొక్కా జేబులో వేసుకుని మూత తీశాను. ముందు వైర్లు కనిపించాయి. ఎర్రవి, పసుపువి, తెల్లవి, అన్నీ ఒకే చోట వంగి, ఒకే దారిన వెళ్ళి, దేని గుమ్మం ముందు అది ఆగింది. నా డబ్బాలు తెరిస్తే నూడుల్స్. టంకం చుక్కలు ముత్యాల్లా ఉన్నాయి. చిలకలపూడిలో పుట్టి టంకంతోనే బతికినవాణ్ణి, అంత శుభ్రంగా పెట్టలేను. ఆ కోపం మింగి లోపలికి చూస్తే, ఉన్నాయి. ఎర్ర చుక్కల టోపీలు రెండూ, పక్కపక్కనే, గద్దెనెక్కినట్టు. ఒక దాని అంచున ఆకుపచ్చ పొరలా చిలుము. సముద్రపు గాలి. రాళ్ళు చూసుకునే భూతద్దం శాంపిళ్ళ సంచీలోంచి తీసి కంటికి పెట్టుకున్నాను. టోపీల కాళ్ళు రాగిరేకు బోర్డు కన్నాల్లోకి దిగాయి. బోర్డుని వేలితో ఎత్తి అడుగు చూశాను. కాళ్ళు దిగిన చోట టంకం లేదు. కాళ్ళు కత్తిరించి ఉన్నాయి. అవి దేనికీ అంటుకుని లేవు. వాటి కింద, రాగి గీతల మీద, బోర్లా పడుకోబెట్టినట్టు రెండు నల్లటి ప్లాస్టిక్ ముక్కలు. మామూలు సిలికాన్ ట్రాన్సిస్టర్లు. ఏ టీవీ రిపేరు షాపులోనైనా గుప్పెడు తీసి ఊరికే ఇచ్చేవి. గిటారు వెళ్ళే దారి వాటిలోంచి. టోపీలు పైన కూర్చుని ఫోటో దిగడానికి.

పాత రేడియోల కోసం సంచీలో ఎప్పుడూ ఉంచుకునే మీటరు తీశాను. పైకి మిగిలిన కాళ్ళకి రెండు సూదులూ ఆనించాను, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. ముల్లు కదల్లేదు. రెండోదానికీ అంతే. చచ్చిపోయాయి. ఉప్పుగాలి ఎప్పుడో తినేసింది. సత్యవతమ్మ వాడి ఒళ్ళో పెట్టిన రోజుకే పోయి ఉంటాయి. ఇన్నాళ్ళుగా నేను కుళ్ళిపోయింది రెండు శవాలని చూసి. వాడికి తెలుసు. తెలిసి నాకు చెప్పలేదు. నెట్‌లో తన పేజీలో పెట్టుకున్నాడు, దివిసీమ రేడియోలోని జత అని, కింద వందల మెచ్చుకోళ్ళు. దొరికావురా. ఇంక లేవలేవు. ఫోన్ తీసి మూడు ఫోటోలు తీశాను, పైనుంచి ఒకటి, కత్తిరించిన కాళ్ళు ఒకటి, నల్ల ముక్కలు ఒకటి. మూడూ బాగా వచ్చాయి. గిటారు వాళ్ళ గ్రూపులో హనోకు ఉన్నాడు, విజయవాడ వాళ్ళున్నారు, వాడూ ఉన్నాడు. కౌతవరం దాటేలోపు పంపేస్తే పెడనకి వచ్చేసరికి అయిపోతుంది. బొటనవేలు బాణం గుర్తు మీద ఉంది. పూత పని అంటే ఏమిటో మా ఇంటికి తెలిసినంత ఎవరికి తెలుసు. కానీ మేం పూత అని చెప్పే అమ్ముతాం. డబ్బా మీద రోల్డ్‌గోల్డ్ అనే రాస్తాం. పగలంతా బంగారం కానిదానికి బంగారు రంగు వేసేవాడికి సాయంత్రం చేతిలో ఒక్కటైనా అసలైనది ఉండాలి, అందుకే నేను జెర్మేనియం తప్ప ముట్టలేదు, ఒక్కసారి కూడా, ఎంత దొరక్కపోయినా. ఇది చదివితే హనోకుకి అర్థమవుతుంది ఎవరు ఎవరో.

బాణం నొక్కలేదు. హనోకు ముఖం గుర్తొచ్చింది. ఫోటోలు చూసి ఏమంటాడు. మోసం, అంటాడు. తర్వాత? లెక్కల మాస్టారు కదా, మొదటి మెట్టు దగ్గర ఆగడు. అయితే బావా, నేను విన్న ఆ గొంతు దేనిది? ఈ నల్ల ముక్కలదా? అంటే అసలైన జెర్మేనియం నాలుగేళ్ళు నా కాలి కింద ఉంటే, అది కాదని నా చెవి ఏరుకున్నది దీన్నా? అంతటి చెవి. కళ్ళు మూసుకుని తీగల వయసు చెప్పే చెవి. అది నా బెల్లం పాకాన్నీ వాడి ప్లాస్టిక్ ముక్కనీ పక్కపక్కన పెట్టి, ఇదీ అసలు గొంతంటే అంది. బోర్డు మళ్ళీ చూశాను. ముక్కల పక్కన చిన్న చిన్న కెపాసిటర్లు, నేనెప్పుడూ పెట్టని చోట, గరుకు తగ్గించడానికి. ఒకటి పీకి ఇంకోటి పెట్టిన మచ్చలు బోర్డు మీద ఎన్ని ఉన్నాయో. కూర్చున్నాడు. వినుకుంటూ, మార్చుకుంటూ, రోజులకి రోజులు కూర్చున్నాడు. జత చచ్చిందని తెలిశాక ఏడుస్తూ కూర్చోలేదు. నేను టోపీలు దొరికితే చాలు, మిగతాది అవే పాడతాయనుకున్నాను. వడ్లమన్నాడు ఎప్పుడు దాటిందో తెలియలేదు. ఇందాకటి నా ఎత్తు కూడా గుర్తొచ్చింది. సిలికాన్‌కి ఎండ లెక్కలేదు. రేకుల షెడ్డు కింద కాదు, పెనం మీద పెట్టినా పాడుతుంది. ఎండలోకి జరిపి కూర్చున్న నా తొడే మాడింది. అరగంట కిందట వాడి దగ్గర మంచి జత ఉందని ఏడ్చాను. ఇప్పుడు లేదని ఏడుస్తున్నాను. ఇది ఇంకా పెద్ద ఏడుపు.

మూత బిగించాను. చిలకలపూడి స్టేషన్లో మా వీధివాళ్ళు దిగారు, ఒకాయన రమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. నేను దిగలేదు.

బందరులో హనోకు ప్లాట్‌ఫాం మీదే ఉన్నాడు, తెల్ల చొక్కా, భుజాన గిటారు సంచీ. వీరదుర్గ ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకుని దిగుతూ, "ఎవరిదో వాళ్ళకి ఇచ్చెయ్ అన్నయ్యా, నీ మొహం బాలేదు," అని వెళ్ళిపోయింది. హనోకు డబ్బా అందుకుని, సంచీలోంచి నా పెడల్ తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇది నీ దగ్గరుంచు బావా. రెంటికీ కాళ్ళు సరిపోవు."

దాని రేకు మూత మీద గుండ్రంగా తుప్పు మరక, గ్లాసు పెట్టి తీసినట్టు. "ఇదేంటి, తడిలో పెట్టావా?"

అతను చెవి గోక్కున్నాడు. "ఏవనుకోకు. మధ్యాహ్నం సభలైతే కూల్ బాక్సులోంచి వాటర్ ప్యాకెట్టొకటి తీసి దాని నెత్తిన పెట్టేవాణ్ణి. లేకపోతే రెండో పాటకే పడుకునేది."

"ఎప్పటి నుంచి?"

"మొదట్నుంచీ. నువ్వు వెనకాల కూర్చుని అంత ఇదిగా చూస్తుంటే ఎలా చెప్పను."

ఆటో హారన్లు, దిగినవాళ్ళ అరుపులు, అన్నీ దూరంగా ఎక్కడో. నాలుగేళ్ళు నేను ఊపిరి బిగబట్టి విన్న మోత నాదీ, వాటర్ ప్యాకెట్టుదీ.

"అందుకే దీన్ని నీతో తెప్పించాను," అన్నాడు హనోకు కొత్త డబ్బా మీద వేళ్ళతో తడుతూ. "నీ చేతిలో డబ్బా పెడితే విప్పకుండా ఉండవు. విప్పావా?"

స్క్రూడ్రైవర్ ఇంకా నా చొక్కా జేబులోంచి తొంగిచూస్తోంది. అతనికి అదే జవాబు.

"విక్రమ్ గారు మంచోరే, కానీ అమ్ముకునేవాళ్ళ మాట వేరు. నువ్వయితే ఉన్నదున్నట్టు చెప్తావ్. ఎండకి నిలబడుద్దా?"

"నిలబడుద్ది."

"నీది నిలబడలేదుగా. దీంట్లోవీ అవే అంటున్నారు. నిజంగా రేడియోవేనా బావా, ఇంకేవన్నానా?"

ఫోన్ జేబులో ఉంది. మూడు ఫోటోలు. ఒక్కటి చూపిస్తే చాలు, విక్రమ్ ఇవాళ్టితో సరి. ఆ వెంటనే హనోకు నా వైపు తిరుగుతాడు, జాలిగా, వాటర్ ప్యాకెట్టు పెట్టినంత మెల్లగా, అయితే అసలైన వాటితో కూడా నీకు రాలేదా బావా అని. అనడు. అనుకుంటాడు. మంచి జత చేతిలో ఓడిపోయినవాడు ఓడిపోయినట్టు కాదు. వాడి అబద్ధం నిలబడితేనే నేను నిలబడతాను. ఇకనుంచి దాన్ని వాడికంటే నేనే జాగ్రత్తగా కాపాడుకోవాలి.

"రేడియోవే," అన్నాను. "ఎర్ర చుక్కలవి. నేనే దగ్గరుండి చూశాను. అలాంటి జత నాకు దొరకలేదు, అంతే."